కాలువ నీరు, బస్తాల లెక్క: మానిటర్ కేబుల్ పుట్టిన కథ

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు. వే బ్రిడ్జి దగ్గర వడ్ల ట్రాక్టర్లు బారులు తీరాయి. కాంటా గదిలో పాత సిస్టమ్ చెడిపోతే ఆ పొద్దునే కొత్త సీపీయూ తెచ్చారు. మానిటర్ మాత్రం పాతదే, ఇంకా చక్కగా పనిచేస్తోంది. దాని వెనక ఉన్నది వీజీఏ, కొత్త డబ్బాకు ఉన్నది హెచ్‌డీఎంఐ. ఒక కొసన ఇది, రెండో కొసన అది ఉన్న కేబుల్ బజారులో దొరికింది. తెచ్చి తగిలించారు. తెర మీద ‘నో సిగ్నల్’ అని ఒక్క మాట వచ్చి, అంతా నల్లబడింది.

“రెండు దిక్కులా మంచిగనే కూసుంది గద సార్, బొమ్మ ఎందుకొస్తలేదు?” అని గుమస్తా నన్నడిగాడు.

జవాబు చెప్పాలంటే 1987 దాకా వెనక్కి వెళ్లాలి. ఆ ఏడాది ఐబీఎం సంస్థ తన పీఎస్/2 కంప్యూటర్లతో పాటు వీజీఏను తెచ్చింది. మూడు వరసల్లో 15 పిన్నులు, అటూ ఇటూ బిగించే మరలు. అప్పటి మానిటర్ అంటే బరువైన గాజు పిక్చర్ ట్యూబ్. లోపల ఎలక్ట్రాన్ల ధార తెర మీద గీత తర్వాత గీత గీసుకుంటూ పోయేది. అందుకే వీజీఏలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు తలా ఒక తీగ పెట్టారు. ఒక్కో తీగలో సున్నా నుంచి 0.7 వోల్టు దాకా కరెంటు ఎగుడుదిగుడుగా నడుస్తుంది. వోల్టేజీ పెరిగితే ఆ రంగు వెలుగుతుంది, తగ్గితే మసకబారుతుంది. గీత ఎక్కడ మొదలు కావాలో, బొమ్మ మళ్లీ పైనుంచి ఎప్పుడు అందుకోవాలో చెప్పడానికి ఇంకో రెండు తీగలు.

సాగర్ ఎడమ కాలువ కింది రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. తూము ఎంత ఎత్తితే అంత నీరు. కానీ పారినంత దూరం కొంత ఇంకిపోతుంది. వీజీఏ కేబుల్ పొడవు పెరిగినా, నాసిరకం తీగ వాడినా అక్షరాల అంచులు చెదిరి పక్కన నీడలు పడేది అందుకే.

తర్వాత పలుచటి ఎల్‌సీడీ తెరలు వచ్చాయి. వీటిలో ప్రతి చుక్కకూ ఒక అంకె. కంప్యూటర్ లోపలా అంకెలే. మధ్యలో వీజీఏ మాత్రం ఆ అంకెల్ని వోల్టేజీగా మార్చి పంపుతుంది, మానిటర్ వాటిని మళ్లీ అంకెలు చేసుకుంటుంది. బస్తాల్లో ఉన్న వడ్లను కాలువలో పోసి పంపి, అవతల మళ్లీ బస్తాలకెత్తుకున్నట్టు! గింజ రాలక మానుతుందా?

బస్తాలను బస్తాలుగానే పంపుదామని ఇంటెల్, సిలికాన్ ఇమేజ్, కాంపాక్, ఫుజిట్సు, హెచ్‌పీ, ఐబీఎం, ఎన్‌ఈసీ కలిసి కూర్చున్నాయి. 1999లో డీవీఐ వచ్చింది. అయితే అప్పటికి ఊరంతా పాత మానిటర్లే. అందుకని ఒకే పోర్టులో రెండు దారులూ ఉండేలా డీవీఐ-ఐ చేశారు, అంకెలకు మాత్రమే డీవీఐ-డీ చేశారు. ఈ తేడా ఎంత చిన్నదో సూర్యాపేటలో ఒక ఆన్‌లైన్ సెంటర్లో కళ్లారా చూశాను. చేతిలోని కన్వర్టర్‌కు చదునైన రేకు చుట్టూ నాలుగు సన్నని పిన్నులున్నాయి, సీపీయూ వెనక పోర్టులో వాటికి రంధ్రాలే లేవు. ఆ నాలుగే వీజీఏ బొమ్మను మోసేవి. అవి పట్టని చోట బలవంతంగా నొక్కితే వంగిపోవడమే తప్ప బొమ్మ రాదు.

2002 డిసెంబరులో సోనీ, పానసోనిక్, ఫిలిప్స్, తోషిబా, హిటాచీ, థామ్సన్, సిలికాన్ ఇమేజ్ కలిసి హెచ్‌డీఎంఐ తెచ్చాయి. డీవీఐ నడిచిన అంకెల దారినే తీసుకుని, అదే లారీలో శబ్దాన్ని కూడా ఎక్కించారు. 19 పిన్నులతో చిన్న మూతి, టీవీకి అనువైనది. దారి ఒకటే కాబట్టి డీవీఐ-డీ నుంచి హెచ్‌డీఎంఐకి మామూలు తీగ చాలు. కానీ హెచ్‌డీఎంఐలో కాలువ నీటికి తీగే లేదు. గుమస్తా ప్రశ్నకు జవాబు ఇదే. పిన్ను కూర్చుంటే చాలదు, లోపల పారేది రెండు వైపులా ఒకటి కావాలి. అంకెల్ని వోల్టేజీ చేసే చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి, అదీ హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి వెళ్లేది. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లేది వేరే వస్తువు. అరచేతిలో పట్టే ఆ కన్వర్టర్ తెచ్చి పెట్టగానే పాత తెర మీద ట్రాక్టర్ బరువు కనిపించింది.

హెచ్‌డీఎంఐ టీవీల వాళ్ల బిడ్డయితే, డిస్‌ప్లే పోర్ట్ కంప్యూటర్ల వాళ్లది. వెసా సంస్థ 2006లో తెచ్చింది. దీని విలువ కోదాడలో ఒక ఫ్లెక్సీ డిజైనర్ దగ్గర తెలిసింది. కొత్త 4కే మానిటర్ కొన్నాడు, మౌస్ కదిపితే బాణం గెంతుతూ పోతోంది. లెక్క చూద్దాం. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 × 1080 చుక్కలు. ఒక్కో చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 సార్లు అంటే దాదాపు 300 కోట్ల బిట్లు. 4కే దానికి నాలుగింతలు, 1200 కోట్లు. అతని సీపీయూకి ఉన్నది 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4. మోయగలిగేది 1020 కోట్లు. అందుకే సెకనుకు 30 బొమ్మలతో సరిపెట్టింది. పక్కనే ఖాళీగా ఉన్న డిస్‌ప్లే పోర్ట్ 1.2కి కేబుల్ మారిస్తే 60కి చేరింది. 2013 నాటి హెచ్‌డీఎంఐ 2.0 ఉన్నా సరిపోయేది, అది 1800 కోట్లు మోస్తుంది.

2014లో టైప్-సీ వచ్చింది. బొమ్మ, కరెంటు, డేటా ఒకే తీగలో. కానీ ప్రతి టైప్-సీ పోర్టూ బొమ్మ పంపదు, ఫోన్ చార్జింగ్ తీగ దీనికి చాలదు.

అందుకే కొట్టుకు పోయేముందు సీపీయూ వెనక, మానిటర్ వెనక ఫోన్‌తో రెండు ఫొటోలు తీయండి. బొమ్మ ఎటు నుంచి ఎటు వెళ్లాలో చెప్పండి. తెర 4కే అయితే హెచ్‌డీఎంఐ కేబుల్ డబ్బా మీద ‘ప్రీమియం హై స్పీడ్’ అని ఉందేమో చూడండి. ధర చూసి కొనకండి.

వీజీఏను 2015కల్లా వదిలేస్తామని ఇంటెల్, ఏఎండీ, మరికొన్ని పెద్ద కంపెనీలు 2010 డిసెంబరులోనే ప్రకటించాయి. మిర్యాలగూడ కాంటా గదిలో మాత్రం ఆ పాత మానిటర్ ఇవాళ్టికీ బస్తాల లెక్క తప్పకుండా చూపిస్తోంది. చిన్న కన్వర్టర్‌తో పోయేదానికి వెలుగుతున్న తెరను పారేయకండి.