ఫెయిర్ ఐల్: నౌకాభంగాలు, రేవు జీవితం

ఫెయిర్ ఐల్ స్కాట్లండ్‌కు ఉత్తరాన, ఓర్క్నీ, షెట్లాండ్ దీవులకు ఇంచుమించు నడుమ ఉంది. పొడవు సుమారు 5 కిలోమీటర్లు. చుట్టూ నిటారు కొండచరియలు. అట్లాంటిక్, ఉత్తర సముద్రాలు కలిసే చోటు కావడంతో పోటుపాట్ల ఉరవడి, పొగమంచు ఎక్కువ. దీపస్తంభాలు లేని రోజుల్లో నావికులకు ఈ దారి పెద్ద గండం.

ఇక్కడి నౌకాభంగాల్లో పేరుమోసినది ఎల్ గ్రాన్ గ్రిఫాన్. 1588లో ఇంగ్లండ్ మీదికి దండెత్తిన స్పెయిన్ ఆర్మడాలో సరుకు ఓడల దళానికి ఇదే నాయక నౌక. పోరులో దెబ్బతిని, ఉత్తరం చుట్టి స్వదేశం చేరబోతూ, నీరు కారుతున్న ఆ ఓడ సెప్టెంబరు 27న స్ట్రోమ్స్ హెలియర్ వద్ద చరియకు కొట్టుకుంది. దాదాపు 300 మందిలో ఎక్కువ మంది తెరచాప కొయ్యల మీదుగా గట్టెక్కారు. అసలు కష్టం ఆ తరవాతే. 17 ఇళ్ల దీవిలో అంతమందికి తిండి దొరకలేదు. కొన్ని వారాల్లోనే 50 మంది దాకా చనిపోయారు. మిగిలినవారు దళపతి హువాన్ గోమెజ్ దె మెదీనాతో స్కాట్లండ్‌లోని ఆన్‌స్ట్రదర్ రేవు చేరారు. 1970లో పురావస్తు బృందం ఓడ ఫిరంగులను వెలికితీసింది. దీవి రంగురంగుల ఊలు అల్లికను ఈ స్పెయిన్‌వాళ్లే నేర్పారన్న కథ ప్రచారంలో ఉన్నా, ఆధారం లేదు.

ఆ అల్లికకూ ఓడలకూ ఉన్న నిజమైన సంబంధం బేరంలో ఉంది. దీవివాసులు యోల్ అనే సన్నని తెడ్ల పడవల్లో సముద్రంలోకి వెళ్లి, దాటిపోయే ఓడలకు అల్లిన మేజోళ్లు, టోపీలు, చేపలు ఇచ్చి తమకు కావలసిన సరుకులు తెచ్చుకునేవారు. ఆ పడవలే ప్రాణాలూ కాపాడాయి: 1868లో అమెరికాకు వలసజనాన్ని తీసుకుపోతున్న జర్మన్ ఓడ లెసింగ్ బద్దలైనప్పుడు 450కి పైగా ప్రయాణికులు క్షేమంగా ఒడ్డుకు చేరారు. అంతకు ఆరేళ్ల ముందు, 1862లో, బతుకు గడవక దీవి నుంచే వంద మందికి పైగా కెనడాకు తరలిపోయారు.

1892లో స్టీవెన్సన్ సోదరుల నమూనాతో ఉత్తర, దక్షిణ కొసల్లో దీపస్తంభాలు వెలిశాయి. రెండో ప్రపంచ యుద్ధంలో దక్షిణ స్తంభం మీద జర్మన్ విమానాలు దాడి చేశాయి. స్కాట్లండ్‌లో కాపలాదారులు నడిపిన చివరి దీపస్తంభం అదే. 1998లో యంత్రాలకు అప్పగించారు.

దీవి 1954 నుంచి నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ అధీనంలో ఉంది. నార్త్ హేవెన్ రేవులో పడవకు తుపాను రక్షణ చాలదు. అందుకే షెట్లాండ్‌కు తిరిగే గుడ్ షెపర్డ్ పడవను ప్రయాణం ముగియగానే వాలుగట్టు మీదుగా నేల మీదికి లాగి నిలిపే పద్ధతి ఏర్పడింది.