అనుమతి ఎవరిని అడగాలి? – గ్రంథస్వామ్య సంఘాల చరిత్ర

పరీక్షల రోజులలో దాచేపల్లి జిరాక్సు దుకాణాల ముందు నిలబడటానికి చోటుండదు. అలాంటి ఒకనాడు నాకు పరిచయస్థులయిన హైస్కూలు సైన్సు మాస్టారు ఒకరు ఇంగ్లీషు పుస్తకం చేతపట్టుకొని అక్కడ కనిపించారు. రక్తప్రసరణను వివరించే 4 పుటలను తరగతి పిల్లల కోసం 40 ప్రతులు తీయించాలని వచ్చారు. పుస్తకం తొలి పుటలో మాత్రం, ప్రకాశకుల అనుమతి లేనిదే ఏ భాగాన్నీ ఏ విధంగానూ నకలు తీయరాదని అచ్చువేసి ఉన్నది. "ఏమండీ, ఇది నేరమవుతుందా? అనుమతి అడగాలంటే ఎవరిని అడగాలి? ఈ 4 పుటల కోసం లండనుకు ఉత్తరం వ్రాయాలా?" అని మాస్టారు అడిగారు.

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. కొన్నేళ్ళ క్రితం కీటకాల జీవితాన్ని గూర్చిన ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేశాను. మిరప తోటల మధ్య, పత్తి చేల మధ్య పెరిగే మా పిల్లలకు అది పనికివస్తుందని నా ఆశ. అనుమతి కోరుతూ ప్రకాశకులకు రెండు ఉత్తరాలు వ్రాశాను. జవాబు రాలేదు. వ్రాతప్రతి పెట్టెలోనే ఉండిపోయినది. చట్టం ఏమంటున్నదో ఆ తరువాత గాని నేను చదవలేదు. అనుమతి అడిగే పద్ధతులు ఎట్లా ఏర్పడినవో తెలిస్తే మాస్టారి ప్రశ్నకూ, నా ప్రశ్నకూ సమాధానం దొరుకుతుంది.

పంచదార నీళ్ళ తగాదా

ఫ్రాన్సు దేశంలో 1791 లోనే చట్టం వచ్చినది. రచయిత బ్రతికి ఉండగా అతని అనుమతి లేనిదే అతని రచనను బహిరంగంగా ప్రదర్శించరాదని ఆ చట్టం చెప్పినది. కాని ఏ ఊరిలో, ఏ హోటలులో, ఎవరు తన పాట పాడుతున్నారో ఒక్క కవికి ఎట్లా తెలుస్తుంది? హక్కు ఉన్నది, దానిని అమలు జరుపుకొనే దారి లేదు.

1847 లో ఎర్నెస్ట్ బూర్జే అనే గేయరచయిత పారిస్ నగరంలో ఒక సంగీతపు కాఫీ హోటలుకు వెళ్ళాడు. పంచదార నీళ్ళు తెప్పించుకొని త్రాగాడు. అక్కడ గాయకులు ఆయన రచననే పాడుతున్నారు. బిల్లు వచ్చినప్పుడు బూర్జే డబ్బివ్వనన్నాడు. "మీరు నా పాటకు వెల ఇవ్వలేదు, నేను మీ నీళ్ళకు వెల ఎందుకివ్వాలి?" అన్నది ఆయన వాదన. తగాదా న్యాయస్థానానికి వెళ్ళినది. రచయితలే గెలిచారు. ఆ గెలుపు ఫలితంగా 1851 లో సాసెమ్ అనే సంఘం ఏర్పడినది. గేయకర్తలు, స్వరకర్తలు, సంగీత ప్రకాశకులు అందులో సభ్యులు. ఈ సంఘం ఈనాటికీ పనిచేస్తున్నది.

మిర్చి యార్డు వంటి ఏర్పాటు

ఇటువంటి సంఘం పనిచేసే తీరు మన ప్రాంతం వారికి సులభంగానే తెలుస్తుంది. పల్నాటి రైతు తన మిరపకాయలు కొనే వారిని ఊరూరా వెదుక్కొనలేడు. కొనుగోలుదారు కూడా ఇంటింటికీ రాలేడు. ఇద్దరూ గుంటూరు మిర్చి యార్డులో కలుసుకొంటారు. అట్లాగే వేలమంది రచయితలు తమ హక్కుల నిర్వహణను సంఘానికి అప్పగిస్తారు. రచనలను వాడుకొనేవారు సంఘానికి ఒక్క రుసుము చెల్లించి, సభ్యుల రచనలన్నిటికీ ఒకే లైసెన్సు పొందుతారు. ఏ రచన ఎంత వాడుకలోకి వచ్చినదో లెక్క చూసి, సంఘం తన ఖర్చులు పోను మిగిలినది పంచుతుంది. సభ్యుడు కాని రచయిత పక్షాన అనుమతి ఇచ్చే అధికారం సాధారణంగా ఆ సంఘానికి ఉండదు.

1914 లో బ్రిటన్ లోనూ, అమెరికాలోనూ ఇటువంటి సంగీత సంఘాలు ఏర్పడినవి. మన దేశంలో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ 1969 లో వచ్చినది. అయితే యార్డులో ధర పలికినంత మాత్రాన రైతు చేతికి డబ్బు వచ్చినట్లు కాదు గదా! చిత్ర నిర్మాత డబ్బిచ్చి వ్రాయించుకొన్న పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే తొలి హక్కుదారు అని 1977 లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. దానితో సినిమా కవులూ, స్వరకర్తలూ చాలాకాలం నష్టపోయారు. 2012 సవరణ వచ్చిన తరువాతనే, సినిమా హాలులో ప్రదర్శన మినహా ఇతర వాడుకల రాయల్టీలో వారికి సమాన వాటా చట్టబద్ధమయినది.

ఈ చిక్కు తెలుగువారి ముంగిటికి 2017 లో వచ్చినది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేనిదే పాడరాదని ఇళయరాజా గారి పక్షాన ఆయనకు న్యాయవాది నోటీసు అందినది. మిగిలిన కచేరీలలో ఆ పాటలు పాడనని బాలసుబ్రహ్మణ్యం గారు ప్రకటించారు. ఏళ్ళ తరబడి కలసి పనిచేసిన ఇద్దరు మహాకళాకారుల మధ్యనే ఇంత ఇబ్బంది వచ్చినదంటే, అనుమతి ఎవరు తీసుకోవాలో, ఎవరు ఇవ్వాలో ముందే తేలి ఉండటం ఎంత అవసరమో తెలుస్తున్నది.

నకలు యంత్రం వచ్చినది

పుస్తకాల విషయంలో ఇంత చిక్కు మొదట లేదు. పుస్తకాన్ని చేతితో వ్రాసుకొనడం కష్టం, అచ్చు వేయడం ఖర్చు. ఈ స్థితిని మార్చినది స్థిర విద్యుత్తు. చెస్టర్ కార్ల్సన్ అనే అమెరికన్ పేటెంట్ల విభాగంలో పనిచేసేవాడు. పత్రాలకు నకళ్ళు తీయలేక విసిగిపోయిన ఆయన 1938 అక్టోబరు 22 న ఒక ప్రయోగం చేశాడు. గంధకం పూసిన జింకు పలకను గుడ్డతో రుద్ది విద్యుదావేశం కలిగించి, అక్షరాలు వ్రాసిన గాజు పలక గుండా దానిపై కాంతి ప్రసరింపజేశాడు. వెలుతురు పడినచోట ఆవేశం పోయినది, అక్షరాల నీడలో నిలిచినది. పైన చల్లిన పొడి ఆ నీడకే అంటుకొన్నది. ఈ సూత్రం మీద 1959 లో జిరాక్స్ 914 యంత్రం వెలువడినది.

అప్పటి నుండి ఏ విద్యార్థి అయినా ముద్రాపకుడే. స్వీడన్ లో 1973 లో పాఠశాలల నకళ్ళకు ఉమ్మడి ఒప్పందం కుదిరినది. అమెరికాలో 1978 లో కాపీరైట్ క్లియరెన్స్ సెంటర్ మొదలయినది. మన దేశంలో 2000 లో ఇండియన్ రిప్రోగ్రాఫిక్ రైట్స్ ఆర్గనైజేషన్ ఏర్పడినది.

ఢిల్లీ తీర్పు

2012 లో మూడు పెద్ద ప్రకాశక సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయం మీదా, అక్కడి రామేశ్వరి ఫోటోకాపీ దుకాణం మీదా దావా వేసినవి. అధ్యాపకులు చదవమన్న అధ్యాయాలను వేర్వేరు పుస్తకాల నుండి తీసి, ఆ దుకాణంలో సంపుటాలుగా కుట్టి అమ్మేవారు. దీనికి నకలు హక్కుల సంస్థ నుండి లైసెన్సు తీసుకోవాలని ప్రకాశకుల వాదన.

1957 చట్టంలోని 52వ సెక్షను బోధన సందర్భంలో ఉపాధ్యాయుడు గాని, విద్యార్థి గాని రచనకు నకలు తీసుకొనడాన్ని ఉల్లంఘనగా పరిగణించదు. ఈ ఆధారం మీద 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు దావాను కొట్టివేసినది. డిసెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి, బోధనకు ఎంత అవసరమో అంతమేరకు నకలు తీయవచ్చునన్నది. ఆ సంపుటాలలోని భాగాలు నిజంగా బోధనకు అవసరమైనవా అని తేల్చే పనిని కింది న్యాయమూర్తికి అప్పగించినది. 2017 మార్చిలో ప్రకాశకులు దావా విరమించుకొన్నారు. నకలు హక్కుల సంస్థ వేసిన పిటిషనును అదే ఏడు మే నెలలో సుప్రీం కోర్టు త్రోసిపుచ్చినది.

అనువాదానికి దారి

ఇక నా పెట్టెలోని వ్రాతప్రతి సంగతి. మన దేశంలో అచ్చయిన పుస్తకం మీద అనువాదపు హక్కు, రచయిత ఆ గడువులో అనువాదం వేయించకపోతే, పదేళ్ళే ఉంటుందని 1914 చట్టం చెప్పినది. 1957 చట్టం ఈ పద్ధతి మార్చి, ఏడేళ్ళలో అనువాదం రాకపోతే లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చునన్నది. విదేశీ శాస్త్ర గ్రంథాలు తమ భాషలలోకి రావాలని కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాలు 1967 లో స్టాక్ హోమ్ సమావేశంలో పట్టుబట్టినవి. 1971 లో పారిస్ లో రాజీ కుదిరినది. ఆ రాజీని మన చట్టం 1983 లో స్వీకరించినది. బోధనకు, పరిశోధనకు అవసరమయిన విదేశీ గ్రంథం ఇంకా మన భాషలోకి రాకపోతే, సాధారణంగా మూడేళ్ళ తరువాత, తెలుగు వంటి భాషలకయితే ఒక్క ఏడాది తరువాత, రాయల్టీ చెల్లించే షరతుపై లైసెన్సు కోరవచ్చును. అయితే ముందు హక్కుదారును అడిగి ఉండాలి. ఆయన దొరకకపోతే ప్రకాశకులకు రిజిస్టర్డు విమాన తపాలాలో అభ్యర్థన పంపి ఉండాలి. నేను వ్రాసినవి మామూలు ఉత్తరాలు. వాటి నకళ్ళు కూడా దాచుకోలేదు!

మాస్టారికి చెప్పిన సమాధానం

ఆనాడు చెప్పలేకపోయినదానిని తరువాత మాస్టారితో ఇట్లా చెప్పాను. ముందుగా గడువు చూడండి. రచయిత మరణించిన ఏడాది ముగిసిన తరువాత 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. గురజాడ, కందుకూరి రచనలు ఎవరినీ అడగనక్కరలేదు. మన వినుకొండలో పుట్టిన జాషువా గారు 1971 లో మరణించారు కనుక ఆయన జీవితకాలంలో వెలువడిన రచనల మీద 2031 చివరి వరకు హక్కున్నది. రెండవది, తరగతి పాఠానికి కావలసిన మేరకు నకలు తీయడానికీ, ప్రశ్నపత్రంలో ఉదహరించడానికీ, సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులే ప్రేక్షకులుగా బడి పిల్లలు నాటకం ఆడటానికీ అనుమతి అక్కరలేదు. మీ 4 పుటలూ ఇందులోనివే. మూడవది, ఇది దాటి పుస్తకంగా వేసి అమ్మాలన్నా, టిక్కెట్టు పెట్టి కచేరీ చేయాలన్నా హక్కుదారునో, ఆయన సభ్యుడుగా ఉన్న సంఘాన్నో అడగాలి. అక్కడ దారి దొరకనప్పుడే చట్టపు లైసెన్సు.

మాస్టారు తృప్తిగా తల ఊపి, "అయితే మొత్తం గైడుకు నకలు తీసి అందరికీ పంచితే?" అన్నారు. అది పాఠం కాదు, ఆ పుస్తకం వ్రాసినవాని కూలి అన్నాను. భయపడి మానివేస్తే పిల్లలకు పాఠం పోతుంది. లెక్కచేయక తీసివేస్తే రేపు తెలుగులో సైన్సు పుస్తకం వ్రాసేవాడే ఉండడు.

ఈ వ్యాసం ముగించి నేను కూడా పోస్టాఫీసుకు వెళ్ళవలసి ఉన్నది. ఈసారి ఉత్తరం రిజిస్టరు చేయిస్తాను, రసీదు దాచుకొంటాను.