ఆదివారం గోదావరి: రాజమండ్రి విహారాల పూర్వకథ

"శని, ఆదివారాలు రెండు రోజులు చేతిలో ఉన్నాయి. రాజమండ్రిలో ఎక్కడెక్కడికి వెళ్ళవచ్చు?" అని పైఊళ్ళ మిత్రులు తరచుగా అడుగుతూ ఉంటారు. సమాధానం చెప్పడం కష్టమేమీ కాదు. ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ దొర మ్యూజియం, పుష్కరాల రేవు, కోటిలింగాల రేవు, కడియం పూలతోటలు, సాయంత్రం గోదావరి గట్టున వంతెనల మీదుగా సూర్యాస్తమయం, ఆపైన మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్కు, మర్నాడు పాపికొండలకు లాంచీ. ఈ పట్టికను మా ఊళ్ళో ఏ ఆటో అబ్బాయి అయినా తడుముకోకుండా అప్పజెప్పగలడు.

అయితే ఈ పట్టికను కొంచెం నిదానించి చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. గుళ్ళను, స్నానపు రేవులను మినహాయిస్తే, ఇందులోని ముఖ్యమైన స్థలాలేవీ వినోదం కోసం పుట్టినవి కావు. ఆనకట్ట కరవును ఆపడానికి కట్టినది. వంతెన రైలు కోసం వేసినది. కాలువ పొలానికి నీరు, పడవకు దారి ఇవ్వడానికి తవ్వినది. లాంచీ కొండ ఊళ్ళవారి రాకపోకలకు నడిచినది. ఒకప్పుడు ఎవరో చెమటోడ్చిన చోట్లకే మనం నేడు సెలవు గడపడానికి వెళుతున్నాం. పని స్థలం విహార స్థలంగా మారిన ఆ క్రమాన్ని నాకు తెలిసినంతలో చెప్పడమే ఈ టపా ఉద్దేశం. అందులో కొంత సంతోషం ఉంది, కొంత దుఃఖమూ ఉంది.

ముందు అసలు ఆదివారం సంగతి. మన పూర్వులకు తీరిక లేదని కాదు. వారి తీరిక వారాన్ని కాక తిథిని, పంటను అనుసరించి వచ్చేది. కార్తీకంలో వనభోజనాలు, శివరాత్రికి పట్టిసం తీర్థం, భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, పన్నెండేళ్ళకు ఒకసారి పుష్కరాలు. గోదావరి జిల్లాలలో 'తీర్థం' అంటే పుణ్యక్షేత్రం ఒక్కటే కాదు, జాతర కూడా. దైవదర్శనం, రంగులరాట్నం, జీళ్ళు, గాజులు, దూరపు చుట్టాల పలకరింపులు, పిల్లల సంబంధాల ముచ్చట్లు అన్నీ అక్కడే. వారానికి ఒకసారి వచ్చేది సంత. అది సెలవు కాదు, పని.

ఆదివారపు సెలవు దొరల కచేరీలతోనూ, మిషన్ బడులతోనూ వచ్చింది. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే సాగించిన కృషి ఫలించి, 1890లో అక్కడి మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు అంగీకరించారు. మరుసటి ఏడు, 1891 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికొక సెలవును కార్మికుల హక్కు చేసింది. మిల్లులు లేని రాజమండ్రి వంటి ఊళ్ళో ఆ సెలవును ముందుగా రుచి చూసినవారు గుమాస్తాలు, ప్లీడర్లు, పంతుళ్ళు, కాలేజీ విద్యార్థులు. వీరేశలింగం పంతులుగారు (1848-1919) కట్టించిన టౌన్‌హాలులో ఉపన్యాసం వినడం, గ్రంథాలయంలో పత్రిక చదవడం, చల్లబడ్డాక గోదావరి గట్టున షికారు చేయడం ఆ తరం చదువుకున్నవారి కాలక్షేపాలు. వరిచేలో దిగినవారికి మాత్రం ఆదివారం నాడు లేదు, నేడూ లేదు. విహారం గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట మరచిపోకూడదు.

ఇక ఆనకట్ట. 1830ల తొలినాళ్ళలో భయంకరమైన కరవు, 1839లో కోరంగి తీరాన్ని ముంచెత్తిన తుపాను. ఈ రెండు దెబ్బలతో గోదావరి డెల్టా చితికిపోయింది. ప్రక్కనే మహానది ప్రవహిస్తుంటే ప్రజలు తిండిలేక వలసపోవడం ఆర్థర్ కాటన్‌ను కలచివేసింది. 1847లో పని మొదలై 1852లో ముగిసింది. ఆనకట్ట అని ఏకవచనంలో అంటాం గాని నిజానికి అవి నాలుగు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నది అక్కడ లంకల మధ్య పాయలుగా చీలడం వల్ల ఒక్కొక్క పాయకు అడ్డంగా ఒక్కొక్కటి కట్టవలసి వచ్చింది. ఆ పాత కట్టడం స్థానే నేడు మనం చూసే తలుపుల బ్యారేజీ 1982 నాటికి పూర్తయింది. కాటన్ దొర పేరే దానికీ పెట్టారు.

నేటి సందర్శకుడు బ్యారేజీ మీద నిలబడి ఫొటో తీసుకొని, మ్యూజియంలో పాత యంత్రాలను చూసి, వేరుశనగ పొట్లం కొనుక్కొని తిరిగివస్తాడు. అందులో తప్పేమీ లేదు. కాని ఆనకట్టతో పాటు పుట్టిన మరొక లోకం ఉండేది. ఆ కాలువలు సాగునీటికే కాక పడవలకు కూడా పనికివచ్చేటట్లు తవ్వారు. నీటిమట్టం మారే చోట్లల్లా లాకులు కట్టారు. పడవ లాకులోకి వచ్చి ఆగుతుంది, వెనుక తలుపులు మూస్తారు, నీరు నిండేదాకానో దిగేదాకానో వేచి ఉంటుంది, ముందు తలుపులు తెరుస్తారు. గాలి వాలు ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకుంటే గట్టు వెంట మనుషులు తాడు పట్టుకొని లాగుకుంటూ నడిచేవారు. కాకినాడ నుండి గోదావరి, కృష్ణా కాలువల గుండా, అటుపై బకింగ్‌హాం కాలువ గుండా మద్రాసు దాకా నీటిమీదనే పోగలిగిన రోజులవి. పెళ్ళివారు, బియ్యం బస్తాలు, కొబ్బరికాయలు అన్నీ ఆ దారినే పోయేవి. రైళ్ళు, తరువాత బస్సులు, లారీలు ఆ దారిని మింగివేశాయి. ఇప్పుడు లాకుల దగ్గర ఆగేవారు ఎక్కువగా సెల్ఫీల కోసం ఆగుతున్నారు. తాడు లాగినవారి అరిచేతుల్లో ఏర్పడిన కాయల గురించి చెప్పే ఫలకం ఒక్కటి కూడా నా కంటబడలేదు.

వంతెన కథ కూడా ఇంతే. తూర్పుతీర రైలుమార్గం రాజమండ్రికి, కొవ్వూరుకు రెండు వైపులా వచ్చి ఆగినా, మధ్యలో గోదావరి ఉండేది. 1897లో పని ఆరంభించి 1900లో రైలు నడిపించారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరిట హేవలాక్ వంతెన అన్నారు. 56 కమానులు. రైలు వంతెన ఎక్కగానే కిటికీలోంచి నాణెం విసిరి దండం పెట్టుకోవడం ఎన్ని తరాల అలవాటో! 1974లో రైలు-రోడ్డు వంతెన వచ్చింది. దానితో స్కూటరు ఉన్న ప్రతి కుటుంబానికీ ఆదివారం సాయంత్రపు గమ్యం ఒకటి ఏర్పడింది. మధ్యలో బండి ఆపి, పిల్లలకు నదిని చూపించి వెనుదిరగడం. 1997లో ఆర్చి వంతెన సిద్ధం కావడంతో హేవలాక్‌కు విశ్రాంతి దొరికింది. దాదాపు నూరేళ్ళు బరువు మోసిన వంతెన, ఇప్పుడు ఊరివారికి చూడముచ్చటైన నేపథ్యం. దానిని విహారస్థలంగా తీర్చిదిద్దాలన్న ఆలోచన ఏళ్ళ తరబడి నలిగి, 2025లో అఖండ గోదావరి పథకంలో చేరింది. వృద్ధుణ్ణి తుక్కుగా అమ్మివేయకుండా అరుగుమీద కూర్చోబెట్టడం వంటిది ఇది. నాకు ఇది సంతోషం కలిగించే మార్పు.

దుఃఖం కలిగించేది లాంచీ కథ.

గోదావరి మీద పైకి, కొండల్లోకి ఓడలు నడపాలన్న ఆలోచన మన వినోదం కోసం వచ్చినది కాదు. మధ్యపరగణాల ప్రత్తిని నదిమీదుగా సముద్రానికి చేర్చాలని 1850లలోనూ 1860లలోనూ ఆంగ్ల ప్రభుత్వం చాలా ధనం వెచ్చించింది. దుమ్ముగూడెం మొదలుకొని నదిలో అడ్డుపడిన రాతి వరుసలు, వేసవిలో ఎండే నీరు, పెరిగిపోతున్న ఖర్చు, ఇంతలో రైళ్ళ రాక. చివరకు 1871లో ఆ పథకాన్ని విరమించారు. ప్రత్తి రాలేదు గాని నీటిదారి నిలిచింది. రాజమండ్రి నుండి పోలవరం, దేవీపట్నం మీదుగా పాపికొండల నడుమ కూనవరం, భద్రాచలం వైపు లాంచీలు తిరిగాయి. రోడ్డు లేని కొండరెడ్ల, కోయల పల్లెలకు అదే బస్సు, అదే టపా బండి, అదే ఆసుపత్రి దారి. చింతపండు, వెదురు క్రిందికి దిగేవి. ఉప్పు, కిరసనాయిలు, బట్టలు పైకి ఎక్కేవి.

మన సినిమాలు ఈ మార్పును తెలియకుండానే నమోదు చేశాయి. 1964 నాటి 'మూగమనసులు'లో నాయకుడు పడవ నడిపి బ్రతికేవాడు. 1973లో బాపు తీసిన 'అందాల రాముడు'లో రాజమండ్రి నుండి భద్రాచలానికి నదిమీద ప్రయాణమే కథ. అది యాత్ర, వినోదం కలిసినది. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'లో అదే దారిన పోయేది విహారనౌక. పడవవాడి నుండి యాత్రికుడికి, యాత్రికుడి నుండి పర్యాటకుడికి మన చూపు జరిగిపోయింది. ఆ తరువాత వారాంతాలలో పాపికొండల లాంచీలకు గిరాకీ మరింత పెరిగింది. ఉదయం ఫలహారం, గండిపోచమ్మ దర్శనం, మధ్యాహ్నం లాంచీలోనే భోజనం, పేరంటాలపల్లిలో వెదురు బొమ్మల కొనుగోలు, సినిమా పాటలకు నృత్యాలు, సాయంత్రానికి ఇల్లు.

పని చేసే లాంచీ విహారపు లాంచీ అయినప్పుడు ఒక వస్తువు మాత్రం దానితో పాటు రాలేదు. అది నీటిని చూసి భయపడే తెలివి. పాతకాలపు ప్రయాణికుడు ఏటిలో ఎరుపు చూసి ప్రయాణం వాయిదా వేసుకొనేవాడు. అతని పని రేపు కూడా ఉంటుంది. టిక్కెట్టు కొనుక్కున్న పర్యాటకుడికి ఆదివారం ఒక్కటే ఉంది. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరి వరదతో ఉంది. ఆనాడు 'రాయల్ వశిష్ట' అనే లాంచీ కచ్చులూరు మందం దగ్గర సుడిలో బోల్తాపడింది. అందులో ఉన్న 77 మందిలో 26 మందే బయటపడ్డారు. వారిలో పలువురిని ఒడ్డుకు చేర్చినవారు చుట్టుప్రక్కల పల్లెల గిరిజనులు, తమ చిన్న పడవలతో. మునిగిన లాంచీని అక్టోబరు 22న పైకి తీసినది కూడా, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. పుస్తకాల చదువుతో కాదు, నీటితో జీవితమంతా చేసిన సహవాసంతో. నది మీద పనిచేసేవారి తెలివి ఎంత విలువైనదో అంత విషాదంలో మనకు తెలిసివచ్చింది.

దీనికి ముందరి ఏడాదే, 2018 మే 15న, మంటూరు దగ్గర మరొక లాంచీ గాలివానలో మునిగింది. అది విహారనౌక కాదు. కొండమొదలు వైపు నుండి వస్తున్న పల్లెవాసుల లాంచీ. వానజల్లు పడుతున్నదని తలుపులు మూసుకొని కూర్చున్నవారు బయటకు రాలేకపోయారు. ఆ రోజు మంగళవారం. కచ్చులూరు పేరు ఈనాటికీ అందరికీ గుర్తుంది. మంటూరు పేరు చెబితే చాలామంది ఆలోచనలో పడతారు. ఆదివారపు ప్రాణానికి ఉన్న విలువ మంగళవారపు ప్రాణానికి లేదా? నాకు ఈ ప్రశ్న మింగుడుపడదు.

రద్దీకి కూడా ఇదే వర్తిస్తుంది. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి ఉదయాన, రాజమండ్రి పుష్కరాల రేవులో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. చుట్టూ కిలోమీటర్ల తరబడి రేవులున్నా జనమంతా ఒక్క రేవులో, ఒక్క ముహూర్తంలో చేరడం దానికి ఒక ప్రధాన కారణం. 2027లో పుష్కరాలు మళ్ళీ వస్తాయి.

ఇప్పుడు ఆ నీటిదారి కూడా రూపు మారుతోంది. 2021లో పోలవరం దగ్గర నదిని స్పిల్‌వే గుండా మళ్ళించారు. ఎగువన నీరు నిలిచి దేవీపట్నం పరిసర గ్రామాలు ఖాళీ అయ్యాయి. లాంచీ ఎక్కడానికి గండిపోచమ్మ దాకా రోడ్డున వెళ్ళడం పరిపాటి అయింది. జలాశయం పూర్తిమట్టం 150 అడుగులకు నిండిన నాడు కొండలు నిలుస్తాయి గాని, వాటి పాదాల దగ్గరి పల్లెలు, ఇసుకతిన్నెలు, రేవులు నీటి అడుగున ఉంటాయి. ఆనాడు వచ్చే పర్యాటకుడికి మరింత విశాలమైన, మరింత నిశ్చలమైన సరస్సు కనబడుతుంది. అతను దానినే పూర్వం నుండీ ఉన్న అందం అనుకొంటాడు. డెల్టాకు నీరు కావాలన్న మాట నిజమే, దానిని నేను కాదనను. 1852 నుండి మన అన్నం ఆనకట్ట పెట్టినదే కదా. కాని ఆ అన్నానికి ఇల్లు విడిచినవారి ఊళ్ళ పేర్లయినా మనకు తెలియకపోవడం మర్యాద కాదు.

కనుక రెండు రోజులకు నా సలహా ఇది. శనివారం ఉదయం ధవళేశ్వరంలో మ్యూజియం తీరికగా చూడండి. అక్కడి నుండి కాలువగట్టున కడియం వైపు వెళ్ళండి, దారిలో లాకు కనిపిస్తే ఆగి అది ఎలా పనిచేసేదో పెద్దవారిని అడగండి. సాయంత్రం గట్టున కూర్చుని వంతెనలను వాటి వయసు వరుసలో గుర్తుపట్టే ఆట పిల్లలతో ఆడండి. ఆదివారం పాపికొండలకు వెళ్ళదలిస్తే, వరద తీసిన శీతకాలంలో వెళ్ళండి. లైఫ్‌జాకెట్టు ఫొటో కోసం కూడా విప్పకండి. సరంగు "ఈ రోజు వద్దు" అంటే అతనితో వాదించకండి. పేరంటాలపల్లిలో వెదురు బొమ్మకు బేరమాడే ముందు, అమ్మే ఆవిడ ఊరు ఏదో, ఆ ఊరు ఇప్పుడు ఎక్కడ ఉన్నదో ఒక్కసారి అడగండి.

గోదావరి జిల్లాల మిత్రులకు ఒక మనవి. మీ ఇంట్లో కాలువ పడవలలో పెళ్ళికి వెళ్ళినవారు, లాంచీ మీద కూనవరం ఉద్యోగానికి వెళ్ళినవారు, లాకుల దగ్గర పనిచేసినవారు ఇంకా ఉండవచ్చు. వారి చేత చెప్పించి, రేవుల పేర్లతో సహా వ్రాసి పెట్టండి. రేవులు మునిగినా పేర్లు మునగకుండా ఉంటాయి.