పెళ్ళి పిలుపుకు బయల్దేరే నరసింహుడు

కనుమ నాడు జ్వాలా నరసింహుడు ఎగువ అహోబిలం నుంచి కొండ దిగి వస్తాడు. దిగువ అహోబిలంలోని ప్రహ్లాదవరదుడితో కలిసి ఒకే పల్లకి ఎక్కుతాడు. ఇక సుమారు నలభై రోజులు ఉత్సవమూర్తులకు ఊళ్లే గుళ్లు. ఆళ్లగడ్డ, రుద్రవరం చుట్టుపక్కల ముప్పైకి పైగా పల్లెలు తిరిగి, ఫాల్గుణ బ్రహ్మోత్సవాల వేళకు వెనక్కి చేరతారు.

ఇదే అహోబిలం పారువేట, అంటే స్వామి వేటకు వెళ్లే ఉత్సవం. తిరుమలలోనూ పారువేట ఉంది గానీ అది ఒక్కనాటి ఉత్సవం. ఇక్కడ వేటతో పాటు ఇంకో పని ఉంది. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి స్వామి స్వయంగా వచ్చి పిలుస్తాడని జనం నమ్మకం. చెంచులక్ష్మిని పెళ్ళాడాడు కనుక నల్లమల చెంచులకు ఆయన బావ. పల్లకి కదిలేటప్పుడు వాళ్లు విల్లంబులతో వచ్చి దానిమీదికి బాణాలు వేస్తారు. ఊరూరా పల్లకిని దించే అరుగును ‘తెలుపు’ అంటారు. బోయీలు పల్లకిని తెలుపు మీద దించిన రోజే ఆ ఊరికి పెద్ద పండగ.

ఈ ఉత్సవాన్ని తొలి జీయరు ఆదివణ్ శఠగోప యతి ఏర్పరచారని అహోబిల మఠం సంప్రదాయం చెబుతుంది. ఆ తర్వాత గుడికి గడ్డుకాలమూ వచ్చింది: 1579లో గోల్కొండ సేనలు ఆలయాన్ని దోచుకున్నాయి. విజయనగర రాజుల పాలనలోకి తిరిగి వచ్చాక గుడి కోలుకుంది.

ఉత్సవ కాలం ఎంపికలో సేద్యగాడి లెక్క కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో కర్నూలు–కడప కాలువ తవ్వకముందు ఈ సీమ బతుకు వానమీద, చెరువులమీద. సంక్రాంతి నాటికి ఖరీఫ్ గింజలు ఇల్లు చేరతాయి, నల్లరేగడిలో జొన్న, శనగ ఎదుగుతుంటాయి. అతిథికి పెట్టగలిగే రోజులవి.

సేద్యపు కాలాన్ని బట్టి దేవుడి పండగ ఒకప్పుడు దూరాన మెక్సికోలోనూ ఉండేది. వానాకాలం ముందు అజ్టెక్ రాజులు అర్పణలు పట్టుకుని వానదేవుడు త్లాలోక్ కొండశిఖరం ఎక్కేవారు. ఇక్కడ కొండమీది దేవుడే చేలగట్ల వెంట దిగివస్తాడు. గుడిదాకా రాలేని ముసలివాళ్ల కోసం, కూలి మానుకోలేనివాళ్ల కోసం ఇంతకన్నా దయగల ఏర్పాటు సీమ ఆచారాల్లో అరుదు.

పిలుపు అందుకున్న పల్లెలు ఫాల్గుణంలో అహోబిలానికి తరలుతాయి. కల్యాణం, రథోత్సవం అయ్యాక, పౌర్ణమికి అటూఇటుగా గరుడోత్సవంతో సంబరం ముగుస్తుంది.