పాత రాచెట్ పానా: దాని పళ్ళు చెప్పే చరిత్ర

నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు సుమారు 40 కిలోమీటర్ల దూరము. కర్నూలు–చిత్తూరు జాతీయ రహదారి ఈ రెండు ఊళ్ళను కలుపుతున్నది. లారీలు, ట్రాక్టర్లు నిత్యము తిరిగే ఇటువంటి దారుల పక్కన మరమ్మతు షెడ్లు ఉండక తప్పదు. షెడ్డులో ఇంజను కిందికి దూరిన పనివాని చేతి నుండి ఒక ధ్వని వినబడుతుంది: టిక్, టిక్, టిక్. పిడి ముందుకు పోయి వెనుకకు వస్తున్నది. నట్టు మాత్రము ఒకే వైపుకు తిరుగుతున్నది. ఆ పనిముట్టు పేరు రాచెట్ పానా. అది అరిగి తుప్పు పట్టిన తరువాత పాత ఇనుము కొట్టుకు చేరుతుంది. అక్కడ దానికి కట్టే విలువ బరువును బట్టి మాత్రమే. ఆ ఇనుములో ఎంత చరిత్ర ఉన్నదో, దానిని మళ్ళీ పనిలోకి ఎట్లా తేవచ్చునో తెలిసినవారు మాత్రము దానిని తూకానికి వేయరు.

వెనుకకు తిరగని చక్రము

రాచెట్‌లోని సూత్రము ప్రతి విద్యార్థికీ పరిచయమైనదే. సైకిలు తొక్కుట ఆపినప్పుడు వెనుక చక్రము తిరుగుతూనే ఉంటుంది, ఫ్రీవీల్ టిక్కుటిక్కుమంటుంది. ముందుకు తొక్కితే చక్రము కదులుతుంది. వెనుకకు తొక్కితే కాళ్ళు మాత్రమే తిరుగుతాయి. రాచెట్ పానాలో జరిగేదీ ఇదే. లోపల ఒక పళ్ళ చక్రము, దాని పళ్ళ మధ్య పడే ఒక చిన్న ఉక్కు ముక్క, ఆ ముక్కను నెట్టి ఉంచే ఒక స్ప్రింగు ఉంటాయి. ఆ ముక్కను ఆంగ్లములో ‘పాల్’ అంటారు. దీనిని అడ్డునాలుక అనవచ్చును. ఒక వైపు తిప్పినప్పుడు అడ్డునాలుక పంటికి ఆని చక్రాన్ని తోడుకొని పోతుంది. రెండవ వైపు తిప్పినప్పుడు పంటి వాలు మీదుగా జారి తరువాతి సందులో పడుతుంది. ఆ పడిన చప్పుడే టిక్కు.

మామూలు పానాకు ఈ సౌకర్యము లేదు. నట్టుకు ఆరు పక్కలు గనుక, పానా తీసి మళ్ళీ తగిలించుటకు ముందు దానిని 60 డిగ్రీలు తిప్పవలెను. తల వాలుగా ఉన్న పానాను తిరగవేసి పట్టితే 30 డిగ్రీలు చాలును. ఇంజను పక్కన చేయి దూరని ఇరుకులో అంత చోటు కూడా దొరకదు. రాచెట్‌లో 24 పళ్ళు ఉంటే 15 డిగ్రీల ఊపు చాలును. 36 ఉంటే 10, 72 ఉంటే 5 డిగ్రీలు. పానాను నట్టు మీద నుండి తీయవలసిన పని లేదు.

ఈ సూత్రము చాలా పాతది. ప్రాచీన గ్రీకులు బాణాలు విసిరే యుద్ధ యంత్రాలలో, లాగిన తాడు తిరిగి జారకుండా పళ్ళ కడ్డీని, అడ్డునాలుకను వాడినారు. తాళంచెవి తిప్పే గోడ గడియారములోనూ, బరువులెత్తే కప్పీ యంత్రములోనూ ఇదే ఉన్నది. రైలు పట్టాలకు బోల్టు రంధ్రాలు వేయుటకు రాచెట్ బ్రేసు అనే చేతి పనిముట్టును వాడేవారు. పట్టా పక్కన పిడి పూర్తిగా తిరుగుటకు చోటుండదు గనుక అది అవసరమైనది.

1863 నుండి

ఈ సూత్రము పానాలోకి వచ్చిన సంవత్సరము 1863. ఆ ఏడాది జూన్ 16న అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన జె. జె. రిచర్డ్‌సన్ సాకెట్ మార్చుకొనే రాచెట్ పానాకు పేటెంటు పొందినాడు. నంద్యాల ప్రాంతానికి కూడా ఆ సంవత్సరము గుర్తుంచుకోదగినదే. తుంగభద్ర మీది సుంకేసుల నుండి కడప వరకు దాదాపు 300 కిలోమీటర్లు పారే కర్నూలు–కడప కాలువ నిర్మాణము 1863 నుండి 1870 వరకు సాగినది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దానిని సాగుకు, పడవ ప్రయాణానికి కలిపి తలపెట్టినది. 1882లో ప్రభుత్వము కొన్నది. 1880ల దశకములో బళ్ళారి వైపు నుండి నల్లమల అడవుల గుండా కృష్ణా తీరానికి వేసిన మీటరు గేజి రైలు దారి నంద్యాల మీదుగా పోయినది. 1990లలో దానిని బ్రాడ్ గేజిగా మార్చినారు. కాలువ, రైలు, వాటి వెనుక నూనె ఇంజన్లు, లారీలు వచ్చినకొద్దీ నట్లు, బోల్టులు, వాటిని తిప్పే పానాలు కూడా వచ్చినవి.

రాచెట్ పానాను ఇంటింటి పనిముట్టుగా చేసినది మోటారు కారు. 1920లో అమెరికాలోని మిల్వాకీలో జోసెఫ్ జాన్సన్, విలియం సైడెమన్ అనే ఇద్దరు అయిదు పిడులకు పది సాకెట్లు కలిపి అమ్మసాగినారు. ఏ సాకెట్ అయినా ఏ పిడికైనా అమరుతుంది గనుక అయిదు పిడులు యాభై పానాల పని చేస్తాయి. స్నాప్ ఆన్ కంపెనీ పుట్టుక అదే. సాకెట్‌ను మీట నొక్కి విడదీసే ఏర్పాటును 1960లలో పీటర్ రాబర్ట్స్ అనే పద్దెనిమిదేళ్ళ యువకుడు కల్పించినాడు. అతడు అప్పుడు సియర్స్ దుకాణములో గుమాస్తా. 1965లో పేటెంటు వచ్చినది. హక్కులకు కంపెనీ అతనికి ఇచ్చినది 10,000 డాలర్లు. ఆ రాచెట్లు లక్షల సంఖ్యలో అమ్ముడుపోయినవని తెలిసి అతడు దావా వేసినాడు. ఏళ్ళ తరబడి సాగిన ఆ వ్యాజ్యము 1989లో 82 లక్షల డాలర్లకు రాజీ అయినది.

ఒక షెడ్డులో మూడు కొలతలు

పాత పానాల పెట్టెను తెరిచినవాడు మొదట తికమకపడేది అంకెలను చూచి. దానికి కారణము చరిత్రలోనే ఉన్నది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండులో మరల కొలతలకు మొదటి ప్రమాణము ఏర్పరచినాడు. మర పంటి కోణము 55 డిగ్రీలు. 1864లో విలియం సెల్లర్స్ అమెరికాలో 60 డిగ్రీల మరను ప్రతిపాదించినాడు. రెండవ ప్రపంచ యుద్ధములో మిత్రరాజ్యాల యంత్ర భాగాలు ఒకదానికొకటి అమరక చాలా చిక్కు కలిగినది. అందుచేత 1948లో అమెరికా, బ్రిటన్, కెనడాలు ఒక ఉమ్మడి ప్రమాణానికి ఒప్పుకొన్నవి.

మన రహదారులకు ఈ వేర్వేరు కొలతలన్నీ వచ్చినవి. 1948లో మద్రాసులో మొదలైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయినది. దాని లారీలు బ్రిటిష్ నమూనావి. 1954లో జంషెడ్‌పూర్ నుండి టాటా–మెర్సిడిస్ బెంజ్ లారీలు వచ్చినవి; జర్మన్ నమూనా గనుక వాటి కొలతలు మిల్లీమీటర్లు. 1960లో మద్రాసులో ఏర్పడిన ‘టాఫే’ తయారుచేసిన మాసే ఫెర్గూసన్ ట్రాక్టర్లకు అంగుళాల పానాలు కావలెను. మన దేశములో మెట్రిక్ విధానానికి 1956లో చట్టము చేసి, 1958 నుండి దశలవారీగా అమలు జరిపినారు. అయినా అప్పటికే తిరుగుతున్న యంత్రాలు ఒక్క రోజులో మారవు గదా!

విట్‌వర్త్ పానా మీద 1/4 అని ఉంటే అది బోల్టు లావు మాత్రమే. దాని నట్టు వెడల్పు 0.525 అంగుళము, అనగా 13.3 మిల్లీమీటర్లు. దానికి 13 మిల్లీమీటర్ల పానా ఎక్కదు; 14 ఎక్కుతుంది గాని 0.7 మిల్లీమీటరు వదులు. ఆ వదులుతో బలము నట్టు పక్కల మీద గాక మూలల మీద పడి, మూలలు గుండ్రబడతాయి. 3/4 అంగుళము 19.05 మిల్లీమీటర్లు గనుక 19 పానాతో పని నడుస్తుంది. అర అంగుళము 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 పానా వేస్తే 0.3 మిల్లీమీటరు వదులు.

ఇంత భేదములోనూ ఒక కొలత మాత్రము మారలేదు. సాకెట్ తగిలించే చదరపు మొన 1/4, 3/8, 1/2, 3/4 అంగుళాలుగానే నిలిచినది. నేడు కొన్న మిల్లీమీటర్ల సెట్టులో కూడా మొన అంగుళాలదే! అందువల్ల ఏనాటిదో అయిన అర అంగుళపు రాచెట్‌కు నేటి సాకెట్ చక్కగా అమరుతుంది. 9/32, 5/8 అంగుళాల మొనలు గల తొలినాటివి మాత్రము వాటి సాకెట్లతో కలిపి దొరికితేనే పనికి వస్తాయి.

తిరిగి పనిలోకి తెచ్చుట

పాత రాచెట్ చేతికి రాగానే ఇసుక కాగితముతో రుద్దరాదు. ముందుగా దాని మీద ఉన్న పేరు, పేటెంటు సంఖ్య, కొలత రాసుకోవలెను. దాని వయస్సుకు సాక్ష్యము అవే, రుద్దితే చెరిగిపోతాయి. యుద్ధకాలపు పనిముట్లు కొన్నింటికి కాడ్మియం పూత ఉండేది. ఆ లోహపు దుమ్ము విషము గనుక బూడిద రంగు పూత ఉన్నవాటిని అసలే అరగదీయరాదు.

కిరసనాయిలులో ఒక రాత్రి నానబెట్టితే గట్టిపడిన గ్రీజు కరుగుతుంది. మూత మరలు విప్పేటప్పుడు స్ప్రింగు ఎగిరి కంట పడవచ్చును, కళ్ళద్దాలు తప్పనిసరి. ప్రతి భాగము ఏ వైపుకు తిరిగి ఉన్నదో బొమ్మ గీసి ఉంచుకొనుట మేలు. తుప్పు ఇనుము, ఆక్సిజన్, నీరు కలిసి ఏర్పడినది. ఇత్తడి చెంబుకు చింతపండు పనిచేసినట్లే, పలుచని సిట్రిక్ ఆమ్లము తుప్పును కరిగిస్తుంది. కాని ఎక్కువసేపు ఉంచితే ఉక్కును కూడా తింటుంది. ఆమ్లము నుండి పుట్టిన హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దానిని పెళుసు చేస్తుంది గనుక స్ప్రింగును, అడ్డునాలుకను ఆమ్లములో వేయరాదు. తరువాత చాకలి సోడా నీటితో కడిగి, ఆరబెట్టి, పలుచని నూనె వేయవలెను. చిక్కని గ్రీజు పెడితే అడ్డునాలుక అంటుకొని పంటిలో పూర్తిగా పడదు.

అది పూర్తిగా పడకపోతే ఏమగును? పావు మీటరు పిడి చివర 20 కిలోల బరువుకు సమానమైన బలము, అనగా సుమారు 200 న్యూటన్లు వేసినామనుకొందాము. తిప్పుడు బలము 50 న్యూటన్ మీటర్లు. లోపలి చక్రపు వ్యాసార్ధము ఒక సెంటీమీటరు అయితే పంటి మీద పడేది 5,000 న్యూటన్లు, అనగా అర టన్ను బరువు! పిడికి గొట్టము తొడిగి మీటరు పొడవు చేస్తే అది రెండు టన్నులవుతుంది. సగము పడిన అడ్డునాలుక ఈ బలానికి జారుతుంది, లేదా విరుగుతుంది. అప్పుడు పనివాని చేయి ఇంజను అంచుకు బలముగా తగులుతుంది. అందుకే బిగుసుకొన్న నట్టును ముందు గట్టి పిడితో కదిలించి, తరువాతనే రాచెట్‌తో విప్పుతారు. విరిగిన పంటికి వెల్డింగు పెట్టినా లాభము లేదు. ఆ వేడికి ఉక్కు పదును పోతుంది. అటువంటి రాచెట్ బల్ల మీద పెట్టి చూపుటకే గాని పనికి కాదు.

బాగుచేసిన రాచెట్‌ను తరగతిలో పరీక్షించవచ్చును. చదరపు మొనను కదలకుండా పట్టుకొని, పిడిని జారే వైపుకు ఒక పూర్తి చుట్టు తిప్పుచు టిక్కులు లెక్కించవలెను. 360ని ఆ సంఖ్యతో భాగిస్తే కావలసిన కనీసపు ఊపు వస్తుంది. టిక్కులన్నీ ఒకే తీరుగా వినబడితే పళ్ళు బాగున్నట్లు. ఎక్కడైనా ఒక టిక్కు తప్పితే, లేదా మందముగా వినబడితే, మూత మళ్ళీ విప్పి ఆ పంటిని చూడవలెను. ఆ తరువాత అదే లెక్కను సైకిలు ఫ్రీవీల్ మీద చేసి, రెండింటినీ పోల్చవచ్చును.