గాండో ఊరి మట్టి బడి

పశ్చిమాఫ్రికాలోని బుర్కినా ఫాసోలో గాండో అనే చిన్న పల్లె. ఎండలు 40 డిగ్రీలు దాటే ఆ ఊళ్లో 1965లో పుట్టిన ఫ్రాన్సిస్ కెరే, బడి లేక చిన్నతనంలోనే ఊరు విడిచి వెళ్లి చదువుకున్నారు. అక్కడి ఇరుకు తరగతి గదిలో పడిన ఉక్కపోతను ఆయన మరిచిపోలేదు.

బెర్లిన్‌లో వాస్తుశిల్పం చదువుతూనే సొంతూరికి బడి కట్టాలని పూనుకున్నారు. 1998లో మిత్రులతో సంఘం పెట్టి విరాళాలు కూడగట్టారు. మట్టితో కడదామంటే ఊరివాళ్లు జంకారు. వానకు మట్టిగోడలు కరగడం వాళ్లు చూస్తున్నదే మరి! మట్టిలో కొంచెం సిమెంటు కలిపి, గట్టిగా అదిమి ఇటుకలు చేశాక నమ్మకం కుదిరింది. ఊరంతా పనిలోకి దిగింది. పిల్లలు సైతం రాళ్లు మోశారు.

అసలు నేర్పు పైకప్పులో ఉంది. రేకుల కింద నేరుగా గది ఉంటే పొయ్యిలా కాగుతుంది. అందుకే కెరే ముందు ఇటుకలతో ఒక కప్పు వేసి, దానికి బాగా ఎత్తున ఇనుప చట్రం మీద రేకులు నిలిపారు. గదిలోని వేడిగాలి ఇటుకల సందుల్లోంచి పైకి పోతుంది, కిటికీల నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. బయటికి చాచిన రేకుల అంచులు గోడలను ఎండావానల నుంచి కాపాడతాయి.

ఫ్యాన్లతో పని లేదు.

2001లో పూర్తయిన ఈ బడికి 2004లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం దక్కింది. 2022లో కెరేకు వాస్తుశిల్పంలో ఇచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి లభించింది; దాన్ని అందుకున్న తొలి ఆఫ్రికన్ ఆయనే.