విమోచన (క్రైస్తవ విశ్వాసం)

యేసు క్రీస్తు తన మరణ పునరుత్థానాల ద్వారా మనుషులను పాపం నుంచి, మరణం నుంచి విడిపించాడన్న నమ్మకాన్ని క్రైస్తవులు విమోచన అంటారు. రక్షణ, పాపక్షమాపణ, దేవునితో సమాధానపడటం అనే మాటలు కూడా ఇదే సంఘటన గురించి చెబుతాయి. వాటిలో లేనిది, విమోచనలో ఉన్నది వెల. చెరలో పడ్డవాణ్ణి, తాకట్టులో ఉన్న పొలాన్ని సొమ్ము కట్టి తిరిగి తెచ్చుకోవడం దీని అసలు అర్థం. క్రీస్తు చెల్లించిన వెల ఆయన ప్రాణమేనని సంఘం మొదటినుంచీ చెబుతూ వచ్చింది. ఆ వెల ఎవరి చేతికి ముట్టింది, అసలు ఎందుకు కట్టవలసి వచ్చింది అన్న ప్రశ్నలకు మాత్రం రెండు వేల ఏళ్లలో ఎన్నో జవాబులు వచ్చాయి. ఈ సిద్ధాంత చరిత్ర చాలావరకు ఆ జవాబుల చరిత్రే.

ఈ భావానికి పుట్టిల్లు ప్రాచీన హెబ్రీయుల కుటుంబ ధర్మం. లేవీయకాండం 25వ అధ్యాయం ప్రకారం పేదరికం వల్ల ఒకడు భూమి అమ్ముకుంటే దగ్గరి బంధువు దాన్ని విడిపించాలి. అప్పుల పాలై తననే అమ్ముకుంటే అన్నదమ్ములో, పినతండ్రో, పినతండ్రి కొడుకో వెల కట్టి విడిపించవచ్చు. వెలకు లెక్క కూడా ఉంది: అమ్ముడుపోయినవారికి విడుదల ఇచ్చే సునాద సంవత్సరానికి ఇంకా ఎన్నేళ్లుందో చూసి, కూలివాడి జీతం చొప్పున కట్టాలి. ఈ బాధ్యత మోసే బంధువు పేరు 'గోయేల్'. ఎలీమెలెకు పొలాన్ని విడిపించి, ఆ ఇంటి కోడలైన రూతును పెళ్లాడిన బోయజు గోయేలే. చంపబడిన బంధువు తరఫున హంతకుణ్ణి వెంటాడేవాడూ గోయేలే. తెలుగు బైబిలులో ఈ ఒక్క మాట సందర్భాన్ని బట్టి వేర్వేరు మాటలైంది. యోబు, యెషయా గ్రంథాల దగ్గరికి వచ్చేసరికి విమోచకుడైంది. దానివల్ల ఈ అర్థాలన్నిటినీ కలిపి ఉంచే బంధుత్వం తెలుగు పాఠకుడికి కనబడకుండా పోయింది. ఇది చిన్న నష్టం కాదు. గోయేల్‌కు విడిపించే హక్కు వచ్చింది డబ్బుండటం వల్ల కాదు, నెత్తురు సంబంధం వల్ల. దేవుని కుమారుడు మనిషిగా ఎందుకు పుట్టాలన్న ప్రశ్నకు తర్వాతి క్రైస్తవులు ఇచ్చిన జవాబుల్లో ఈ చుట్టరికం లోపల్లోపల పనిచేస్తూనే ఉంది.

హెబ్రీలో దీనికి తోడు 'పాదా' అనే మరో మాట ఉంది. అది చుట్టరికంతో పనిలేని విడుదల. తొలిచూలు కొడుకును 5 షెకెలుల వెండి ఇచ్చి విడిపించుకోవాలని, గాడిద తొలిచూలు పిల్లకు బదులు గొర్రెపిల్లను ఇవ్వాలని ధర్మశాస్త్రం చెబుతుంది. ఐగుప్తు దాస్యం నుంచి బయటపడిన రాత్రికి అది గుర్తు. నిర్గమకాండం ఆ బయటపడటాన్నే విమోచన అంటుంది. అక్కడ ఫరోకు ఎవరూ దమ్మిడీ చెల్లించలేదు. బబులోను చెరలో ఉన్న ప్రజలకు యెషయా గ్రంథం రెండో భాగం దేవుణ్ణి పదేపదే గోయేల్‌గా చూపిస్తూ, ఈ విడుదలకు వెండితో పనిలేదని స్పష్టంగా చెబుతుంది. అంటే పాత నిబంధనలోనే రెండు దారులున్నాయి: ఒకదానిలో విడుదలకు వెల ఉంది, రెండోదానిలో విడిపించేవాడి బలమే ఉంది.

కొత్త నిబంధన గ్రీకులో రాసినది. ఆ కాలపు గ్రీకులో 'లుత్రోన్' అంటే యుద్ధఖైదీని, బానిసను విడిపించడానికి ఇచ్చే సొమ్ము. మార్కు సువార్త 10వ అధ్యాయంలో యేసు తన ప్రాణాన్ని అనేకుల కోసం ఇచ్చే లుత్రోన్ అని చెప్పుకున్నాడు. తెలుగు బైబిలు దాన్ని విమోచన క్రయధనం అంది. పౌలు రోమా, ఎఫెసు పత్రికల్లో ఇదే కుటుంబానికి చెందిన 'అపొలుత్రోసిస్' వాడాడు. కొరింథు, గలతీ పత్రికల్లో ఇంకా మోటుగా, సంతలో కొనడం అనే క్రియనే వాడాడు. పేతురు మొదటి పత్రిక ఈ వెల వెండి బంగారాల్లాంటిది కాదంటుంది. ఈ ఉత్తరాలు చదివించుకుని విన్నవారిలో బానిసలు చాలామంది. వాళ్లకు ఇది అలంకారం కాదు, రోజూ కళ్లముందు జరిగే వ్యవహారం. గ్రీసులోని డెల్ఫీ గుడి గోడరాళ్ల మీద బానిసల విడుదల శాసనాలు వెయ్యికి పైగా ఉన్నాయి. బానిస తన వెలను గుడిలో కడితే, దేవత అతణ్ణి కొన్నట్టు పత్రం రాసి, స్వతంత్రుణ్ణి చేసేవారు. పౌలు మాటల వెనక ఈ ఆచారముందని జర్మన్ పండితుడు అడాల్ఫ్ డైస్మన్ 1908లో వాదించాడు. పౌలు మనసులో ఉన్నది డెల్ఫీ కన్నా ఐగుప్తేనని తర్వాతి పండితులు ఎక్కువమంది అభిప్రాయపడ్డారు. పౌలు వాడుకలో మరో సంగతి తరచు మరుగున పడుతుంది. రోమా పత్రిక 8వ అధ్యాయం దేహానికి కూడా విమోచన ఉందని, సృష్టి అంతా దానికోసం మూలుగుతోందని చెబుతుంది. విమోచన, ముక్తి, మోక్షం మూడూ సంస్కృతంలో 'ముచ్' ధాతువు నుంచే వచ్చాయి కాబట్టి, తెలుగులో వినేవారికి దేహాన్ని వదిలిపోవడం, జన్మల చక్రం నుంచి తప్పుకోవడం స్ఫురించే వీలుంది. క్రైస్తవ విమోచన అది కాదు. దేహం పునరుత్థానం చెందడమే దాని ముగింపు.

తొలి శతాబ్దాల సంఘం ఈ మాటను అక్షరాలా ఆచరించింది. ఇతరులను విడిపించడానికి తమను తామే బానిసత్వానికి అప్పగించుకున్నవారు తమలో ఉన్నారని రోము సంఘం నుంచి కొరింథుకు వెళ్లిన క్లెమెంతు ఉత్తరం చెబుతుంది. 253 ప్రాంతంలో నుమిడియా క్రైస్తవులను దోపిడీ దండులు ఎత్తుకుపోతే, కార్తేజ్ బిషప్ సిప్రియన్ తన సంఘంలో లక్ష సెస్టర్షియస్‌లు పోగుచేసి పంపాడు. మిలాన్ బిషప్ ఆంబ్రోస్ చెరపట్టబడ్డవారి కోసం ఆరాధనలో వాడే పాత్రలను కరిగించాడు, తప్పుపట్టినవారికి గట్టిగా బదులిచ్చాడు. మధ్యయుగంలో ఇదే పని కోసం సన్యాస సంఘాలు పుట్టాయి: 1198లో పోపు ఆమోదం పొందిన ట్రినిటేరియన్లు, 1218లో బార్సిలోనాలో మొదలైన మెర్సిడేరియన్లు. మధ్యధరా తీరాల్లో బందీలైనవారిని సొమ్ము కట్టి ఇంటికి చేర్చడమే వాళ్ల వ్రతం.

వెల ఎవరికి అన్న ప్రశ్న తొలి శతాబ్దాల ఈ వాతావరణంలోనే పుట్టింది. బందీ ఉంటే బంధించినవాడూ ఉంటాడు కదా. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా పండితుడు ఒరిగెన్, మనుషులు పాపం వల్ల సాతాను వశమయ్యారు కాబట్టి వెల సాతానుకే ముట్టిందన్నాడు. నిస్సా గ్రెగొరీ దాన్ని గాలం కథగా మలిచాడు: క్రీస్తు మానవదేహం ఎర, లోపల దాగిన దైవత్వం కొక్కెం, ఎరను మింగి సాతాను చిక్కుకున్నాడు. ఆయన స్నేహితుడు నజియాన్జస్ గ్రెగొరీ ఈ ఆలోచననే అసహ్యించుకున్నాడు. దొంగకు దేవుడు కప్పం కట్టడమా అన్నది ఆయన అభ్యంతరం. అంతకు ముందు రెండో శతాబ్దపు ఇరేనియస్, నాలుగో శతాబ్దపు అథనాసియస్ వేరే దారి తొక్కారు. ఆదాము చెడగొట్టిన మానవ జీవితాన్ని క్రీస్తు పుట్టుక నుంచి చావు దాకా మళ్లీ జీవించి బాగుచేశాడని ఇరేనియస్ చెప్పాడు. మరణం తినేస్తున్న మనిషి స్వభావాన్ని జీవమే వచ్చి తాకి నిలబెట్టిందని అథనాసియస్ రాశాడు. తూర్పు సంఘాలు నేటికీ ఎక్కువగా ఈ దారిలోనే ఉన్నాయి. ఏ సార్వత్రిక సభా ఈ వివరణల్లో ఒకదాన్ని విశ్వాస ప్రమాణంగా నిర్ణయించలేదు. మన కోసం, మన రక్షణ కోసం అన్నంతవరకే చెప్పి నైసియా విశ్వాస ప్రమాణం ఆగిపోయింది.

పశ్చిమ ఐరోపాలో ఆలోచన మలుపు తిరిగింది కాంటర్బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్ 1098లో ముగించిన 'కూర్ దేవుస్ హోమో'తో. దేవుడు మనిషి ఎందుకయ్యాడు అన్నది ఆ పేరుకు అర్థం. సాతానుకు మనుషుల మీద ఎలాంటి హక్కూ లేదని అన్సెల్మ్ తేల్చాడు. పాపం అంటే దేవునికి ఇవ్వవలసిన గౌరవాన్ని ఎగ్గొట్టడం. ఆ బాకీ తీర్చవలసినవాడు మనిషి, తీర్చగలిగినవాడు దేవుడొక్కడే. అందుకే తీర్చేవాడు దేవుడూ మనిషీ అయి ఉండాలి. ప్రభువు గౌరవానికి భంగం కలిగితే పరిహారం చెల్లించి తీరవలసిన సామంత సమాజం ఈ తర్కం వెనక ఉందని చాలామంది చెబుతారు. ఉన్నా, దాని బిగువు మాత్రం అన్సెల్మ్ సొంతం. ఒక తరం తర్వాత పారిస్ పండితుడు పీటర్ అబెలార్డ్ వేరే ప్రశ్న వేశాడు: నిర్దోషి నెత్తురుతో దేవుడు తృప్తిపడతాడా? సిలువలో కనబడే ప్రేమ మనిషి గుండెలో ప్రేమను రగిలించడమే విమోచన అన్నాడు. అలాగైతే క్రీస్తు ఉత్త ఆదర్శంగా మిగిలిపోతాడని క్లెర్వో బెర్నార్డ్ మండిపడ్డాడు. సాన్స్ సభలో అబెలార్డ్ బోధలు ఖండనకు గురయ్యాయి. పదమూడో శతాబ్దంలో తామస్ అక్వినాస్ పుణ్యఫలం, పరిహారం, బలి, విమోచన అనే భావాలన్నిటికీ చోటిచ్చి, ఏ ఒక్కటీ మిగిలినవాటిని మింగేయకుండా చూశాడు.

పదహారో శతాబ్దపు సంస్కరణోద్యమంలో గౌరవం స్థానంలోకి న్యాయం వచ్చింది. న్యాయశాస్త్రం చదివిన జాన్ కాల్విన్ దృష్టిలో పాపి నిలబడింది న్యాయపీఠం ఎదుట. అతని శిక్షను అతని బదులు క్రీస్తు అనుభవించాడు. ప్రొటెస్టెంట్ బోధలో నేటికీ ఎక్కువగా వినబడేది ఈ వివరణే. ఒకరి శిక్షను ఇంకొకరికి బదలాయించడం ఎక్కడి న్యాయమని ఇటలీ వేదాంతి ఫౌస్టస్ సొసీనస్ నిలదీస్తే, 1617లో డచ్ న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్ సమాధానం రాశాడు. 1618-19లో నెదర్లాండ్స్‌లో జరిగిన డార్ట్ సభ, క్రీస్తు మరణం అందరికీ చాలినంత విలువైనదైనా దేవుడు ఏర్పరచుకున్నవారికే ఫలిస్తుందని నిర్ణయించింది. తర్వాత మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ అనుచరులు క్రీస్తు చనిపోయింది అందరి కోసమూ అన్నారు.

1930లో స్వీడన్ వేదాంతి గుస్తాఫ్ ఔలెన్, మొదటి వెయ్యేళ్ల సంఘం నమ్మింది కోర్టు తీర్పును కాదని, దుష్టశక్తుల మీద క్రీస్తు గెలుపునని గుర్తుచేసి చర్చను మళ్లీ తెరిచాడు. అంతకన్నా చాలా ముందే అమెరికా తోటల్లోని నల్ల బానిసలు నిర్గమకాండాన్ని తమ కథగా పాడుకున్నారు. 1971లో పెరూ మతగురువు గుస్తావో గుటియెరెజ్ రాసిన విమోచన వేదాంతం, పేదల అణచివేత నుంచి విడుదలను క్రీస్తు పని నుంచి విడదీయకూడదని వాదించింది.

తెలుగు నేల మీద ఈ మాటకు సొంత చరిత్ర ఉంది. పురుషోత్తమ చౌదరి (1803-1890) రాగతాళాల్లో కూర్చిన కీర్తనలు క్రీస్తు సిలువను తెలుగు భక్తి నుడికారంలోకి తెచ్చాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ద్వారా వాటిని ఇప్పటికీ ఆరాధనల్లో పాడుతున్నారు. ఒంగోలు ప్రాంతంలో 1876-78 కరువు తర్వాత, 1878 జూలైలో ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఆదివారం పనికి వెళ్లకపోవడం, చచ్చిన గొడ్డు మాంసం మానేయడం, జాతరల్లో డప్పు కొట్టననడం వంటివాటితో కొత్త విశ్వాసులు ఊరి పెద్దలతో ఘర్షణ తెచ్చుకున్నారు. అందుకు దెబ్బలూ తిన్నారు. వెట్టి తెలిసినవాడికి విమోచన పరలోకపు సంగతి మాత్రమే కాదు. 1980ల మొదట్లో భారతీయ వేదాంతి అరవింద్ నిర్మల్ మొదలుపెట్టిన దళిత వేదాంతం ఈ అనుభవానికి సిద్ధాంత రూపం ఇచ్చింది: క్రీస్తు దళితుల పక్షాన నిలబడినవాడే కాదు, వాళ్లలో ఒకడు అంటుంది. విడిపించేవాడు రక్తబంధువై ఉండాలన్న గోయేల్ ధర్మం ఇందులో మళ్లీ తలెత్తింది.

తెలుగు సంఘాల్లో విమోచన గురించి ఎక్కువ బోధ జరిగేది గుడ్ ఫ్రైడే నాడు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు వరసగా ప్రసంగిస్తారు. ఆరో మాటకు, అంటే సమాప్తమైనది అన్న మాటకు, అప్పు పూర్తిగా తీరిందన్న రసీదు మీది మాట అని చాలామంది బోధకులు అర్థం చెబుతారు. రసీదుల వాదన మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. అయితే ఆ గ్రీకు క్రియకు పని ముగించడం అన్న అర్థంతో పాటు పన్ను చెల్లించడం అన్న అర్థమూ ఉంది. మత్తయి సువార్త, రోమా పత్రిక దాన్ని ఆ రెండో అర్థంలోనూ వాడాయి.